చిన్న పట్టణానికి వాన నీటి ప్లాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చుట్టూ గంట, గంటన్నర దూరంలో చిన్న పట్టణాలు చాలా ఉన్నాయి. కొన్ని కొత్తగా మున్సిపాలిటీ అయినవి, కొన్ని ఇంకా మేజర్ పంచాయతీలే. అక్కడి కౌన్సిలర్లు, పంచాయతీ కార్యదర్శులు, కాలనీ సంఘాల వాళ్లు ప్రతి వానాకాలం ముందు ఇవే అనుమానాలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్లు నేరుగా చదువుకోవచ్చు. నాలాలను వెడల్పు చేయడానికి నగరం ఇప్పుడు పడుతున్న పాట్లు దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి నాకు ఒకటే ఆరాటం. హైదరాబాద్ పోగొట్టుకున్న ఖాళీ చోటు మీ ఊళ్లో ఇంకా మిగిలి ఉంది. అది పోకముందే మీ ప్లాన్ కాగితం మీదికి రావాలి.

## మొదటి దశ: ఆలోచన మొదలయ్యేటప్పుడు

మాది పదిహేను వేల జనాభా ఉన్న ఊరు. ఇంత చిన్న ఊరికి ప్లాన్ అవసరమా? మోరీలు కడితే చాలదా?

అవసరమే. పొలంగా ఉన్నప్పుడు వానలో చాలా భాగం నేలలోకి ఇంకేది. అదే పొలం కాలనీ అయ్యాక స్లాబుల మీద, సీసీ రోడ్ల మీద పడ్డ నీళ్లు దాదాపు మొత్తం నిమిషాల్లో కిందికి వచ్చేస్తాయి. ఊరు పెరిగేది పైనున్న వాలులో, మునిగేది కిందున్న పాత ఊరు. పైగా మోరీలను ఏ గ్రాంటు వస్తే ఆ గ్రాంటుతో, వార్డుకు ఒక ముక్కగా కడతారు. ఒక ముక్క అడుగు మట్టం పక్క ముక్కతో కలవదు. చివరికి నీళ్లు ఎక్కడ పడాలో ఎవరూ చూసి ఉండరు. చిన్న ఊరికి ఒక సౌలభ్యం ఉంది: నీళ్లు వచ్చే దారులు రెండు మూడే ఉంటాయి, వాటన్నిటినీ కాలినడకన చూసి రావచ్చు.

అసలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

చివరి నుంచి. మీ ఊరి నీళ్లు ఆఖరికి ఏ చెరువులోకి, ఏ కుంటలోకి, ఏ వాగులోకి పోతాయో ముందు తేల్చుకోండి. ఆ చెరువు నిండినప్పుడు నీటి మట్టం ఎంత ఎత్తులో ఉంటుందో కొలవండి. మీరు కట్టబోయే కాలువ అడుగు దానికంటే కింద ఉంటే, సరిగ్గా పెద్ద వాన వచ్చిన రోజే నీళ్లు వెనక్కి తన్ని వీధుల్లోకి వస్తాయి. ఎంత గట్టిగా కట్టిన కాలువకైనా ఇదే గతి.

తెలంగాణలో చాలా ఊళ్లు గొలుసుకట్టు చెరువుల మధ్య ఉన్నవే. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి వెళ్తాయి. కాబట్టి మీ ఊరి హద్దు దగ్గర ఆగిపోవద్దు. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు దాకా ప్లాన్‌లోకి తీసుకోండి.

డ్రైనేజీ ఉంది కదా, వాన నీళ్లు కూడా అందులోనే పోవా?

పోవు. ఇళ్ల నుంచి వచ్చే మురుగు రోజంతా కొద్దికొద్దిగా పారుతుంది. వాన నీళ్లు అరగంటలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తాయి. రెండూ ఒకే పైపులో కలిస్తే మ్యాన్‌హోల్ మూతలు లేచిపోతాయి, మురుగు ఇళ్లలోకి తంతుంది. మరుగుదొడ్డి నీళ్లు వాన కాలువలో కలిస్తే అదంతా చెరువులోకి చేరుతుంది. రెండింటికీ దారులు వేరుగా ఉండాలి. ఒకేసారి రెండూ కట్టే స్తోమత లేకపోయినా ప్లాన్‌లో మాత్రం మొదటి రోజు నుంచే వేరుగా గీయండి.

చెరువు ఎండిపోయి పదేళ్లయింది. ఇంకా దాన్ని లెక్కలోకి తీసుకోవాలా?

తప్పకుండా. చెరువులోకి నీళ్లు రావడం లేదంటే వచ్చే దారి ఎక్కడో మూసుకుపోయిందని అర్థం. భారీ వాన పడితే ఆ నీళ్లకు పాత పల్లమే దిక్కు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తి వేల ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. పై నుంచి వచ్చే నీటిని ఊరి ముందే ఆపాలన్నది అందులోని ఆలోచన. మీ ఊరి మీది కుంట కూడా తన స్థాయిలో చేసేది ఆ పనే. ఎండిన చెరువు శిఖం భూమిలో, అంటే నీళ్లు నిలిచే లోపలి నేలలో, ప్లాట్లు పడ్డాక ఆ పని చేయడానికి మరో చోటు దొరకదు.

## రెండో దశ: సర్వే, లెక్కలు

కన్సల్టెంట్‌ను పెట్టుకునే స్తోమత ఇప్పుడే లేదు. ఈలోగా మేమే ఏం చేసుకోవచ్చు?

చాలా చేసుకోవచ్చు. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని ఇద్దరు ముగ్గురు బయటికి వెళ్లండి. ఏ మూల నుంచి ఏ మూలకు నీళ్లు పోతున్నాయో ఫోన్‌లో వీడియో తీయండి, టైమ్ రాసుకోండి. నీళ్లు ఎక్కడ రోడ్డు దాటుతున్నాయి, ఎక్కడ నిలబడుతున్నాయి, తగ్గడానికి ఎంతసేపు పట్టింది అన్నవి ముఖ్యం. గోడల మీది నీటి మరకల ఎత్తు టేపుతో కొలవండి.

తర్వాత పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఒకప్పుడు తూములు తెరిచి మూసిన నీరటి కుటుంబాల వాళ్లు ఊళ్లో ఉంటే వాళ్లను తప్పకుండా కలవండి. ఏ ఒర్రె (చిన్న వాగు) ఎటు మళ్లేది, ఏ ఏడాది ఏ కట్ట తెగింది, మత్తడి నీళ్లు ఎవరి పొలం పక్క నుంచి పోయేవి, ఇవన్నీ వాళ్లకు నోటికి వచ్చు. ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరకని సమాచారం అది. ఆ మాటల ప్రకారం గ్రామ నక్షా (ఊరి భూముల పటం) జిరాక్స్ మీద నీలం పెన్నుతో గీతలు గీయండి. రేపు వచ్చే ఇంజినీరుకు ఆ కాగితం చేతిలో పెడితే సర్వే సగం దారి నడిచినట్టే.

పాత కాలువలు, కుంటల రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

తహసీల్దార్ ఆఫీసులో గ్రామ నక్షా, సేత్వార్, పాత పహాణీలు వంటి భూమి రికార్డులు ఉంటాయి. చెరువుల వివరాలు నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర దొరుకుతాయి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్లలో వాగులు, కుంటలు గుర్తించి ఉంటాయి. ఎంత పాత షీటు దొరికితే అంత మేలు. మన నగరంలోనే ఉన్న ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ వెబ్‌సైట్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) తన పరిధిలోని చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) మ్యాపులను ఆన్‌లైన్‌లో పెట్టింది.

గూగుల్ మ్యాపులో ఎత్తులు చూపిస్తుంది కదా, మళ్లీ లెవెల్స్ సర్వే ఎందుకు?

ఊరి మొత్తం వాలు ఎటు ఉందో తెలుసుకోవడానికి ఆ ఎత్తులు పనికొస్తాయి. కాలువ కట్టడానికి పనికిరావు. కాలువ అడుగులో పది సెంటీమీటర్ల తేడా వచ్చినా నీళ్లు నిలబడిపోతాయి, ఉపగ్రహ లెక్కల్లో మీటర్ల తేడా ఉండవచ్చు. ఆటో లెవెల్, టోటల్ స్టేషన్ లాంటి సర్వే పరికరంతో ప్రతి వీధి మలుపు దగ్గర, ప్రతి కల్వర్టు అడుగున, చెరువు మత్తడి మీద కొలతలు తీయించాల్సిందే. ఈ ఖర్చుకు వెనకాడొద్దు.

ఎంత వానకు డిజైన్ చేయాలి? 2020 అక్టోబర్ లాంటి వానకా?

2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర 24 గంటల్లో 32 సెంటీమీటర్ల దాకా పడింది. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు. అలాంటి వానను మొత్తం మోసే కాలువలు ఏ ఊరూ కట్టలేదు. కట్టాలన్నా వీధులు చాలవు.

అందుకని రెండు అంచెలుగా ఆలోచించాలి. వీధి కాలువలను సగటున రెండేళ్లకో అయిదేళ్లకో ఒకసారి వచ్చే గట్టి వానకు డిజైన్ చేయండి. అంతకు మించి వచ్చినప్పుడు పొంగే నీళ్లు ఏ రోడ్డు మీదుగా, ఏ ఖాళీ స్థలం మీదుగా వెళ్లాలో కూడా ముందే నిర్ణయించండి. ఆ దారిలో ఆసుపత్రి, సబ్‌స్టేషన్, అంగన్‌వాడీ లాంటివి రానివ్వొద్దు. ప్రధాన వాగు, పెద్ద కల్వర్టులు, చెరువు మత్తడి వంటివి ఇంకా అరుదైన వానకు తట్టుకోవాలి, ఎందుకంటే అవి విఫలమైతే పోయేది ప్రాణాలు. నేను చూసిన ప్లాన్లలో ఎక్కువ భాగం మొదటి అంచెతోనే ఆగిపోయాయి.

ఎన్ని నీళ్లు వస్తాయో లెక్క ఎలా వేస్తారు? మాకు అర్థమయ్యేలా చెప్పండి.

చిన్న పరివాహకాలకు, అంటే పడ్డ వాన ఒకే చోటికి చేరే ప్రాంతాలకు, ఇంజినీర్లు వాడే సూత్రం చాలా సులువు. ప్రవాహ గుణకం × గంటకు పడే వాన మిల్లీమీటర్లలో × విస్తీర్ణం హెక్టార్లలో, మొత్తాన్ని 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు వస్తాయో తెలుస్తుంది. ప్రవాహ గుణకం అంటే పడ్డ వానలో ఇంకకుండా పారిపోయే వంతు. స్లాబులు, సిమెంటు రోడ్లకు అది 0.7 నుంచి 0.95 దాకా ఉంటుంది, గడ్డి ఉన్న చోట 0.1 నుంచి 0.25.

ఒక ఉదాహరణ చూడండి. సగం ఇళ్లు, సగం ఖాళీ ప్లాట్లు ఉన్న 40 హెక్టార్ల వాలు, అంటే దాదాపు వంద ఎకరాలు. గుణకం 0.5 అనుకుందాం. గంటకు 60 మి.మీ. వాన. లెక్క వేస్తే సెకనుకు 3.3 ఘనపు మీటర్లు, అంటే 3,300 లీటర్లు.

ఇప్పుడు మన వీధుల్లో కట్టే మామూలు మోరీ తీసుకోండి. ఒక అడుగు వెడల్పు, అడుగున్నర లోతు, 500 మీటర్లకు ఒక మీటరు వాలు. అంచుల దాకా నిండి పారినా సెకనుకు 95 లీటర్లకు మించి పోదు. అంటే పోవాల్సిన నీళ్లలో ముప్పై అయిదో వంతు. మిగతాదంతా రోడ్డు మీదే పారుతుంది. అదే వాలులో 3,300 లీటర్లు పోవాలంటే రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతు నీళ్లు పారే కాలువ కావాలి, దాని మీద కొంత ఖాళీ ఎత్తు కూడా ఉండాలి. ప్రతి ఏడూ మోరీలు కడుతున్నా ఊరు ఎందుకు మునుగుతుందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. వార్డు సభలో బోర్డు మీద ఈ లెక్క ఒక్కసారి వేసి చూపించండి.

మా మండలం వర్షపాతం రోజువారీ లెక్కే దొరికింది. సరిపోతుందా?

సరిపోదు. రోజంతా కలిపి 70 మి.మీ. పడితే నేల తాగేస్తుంది, కాలువ మోసేస్తుంది. అదే 70 మి.మీ. గంటలో పడితే బజారు మునుగుతుంది. ఊరి పై మూల నుంచి నీళ్లు కింది మూలకు చేరడానికి పట్టే సమయం చిన్న పట్టణాల్లో సాధారణంగా గంట లోపే. ఆ కొద్దిసేపట్లో వాన తీవ్రత ఎంతో తెలియాలి. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల్లో గంటల వారీ లెక్కలు నమోదవుతాయి, వాటి కోసం రాతపూర్వకంగా అడగండి. ఇకపై మీ ఆఫీసు డాబా మీద కూడా ఒక రెయిన్‌గేజ్ పెట్టుకోండి.

నల్లరేగడి, ఎర్ర చెల్క, ఏదైతే ఏంటి? తేడా ఉంటుందా?

చాలా తేడా ఉంటుంది. ఎండలకు పగుళ్లిచ్చిన నల్లరేగడి మొదటి వానను గటగటా తాగేస్తుంది. తడిసి ఉబ్బాక మాత్రం పగుళ్లు పూడుకుపోతాయి, ఆ తర్వాత పడ్డదంతా పైనే పారుతుంది. కాబట్టి జూన్ వానను చూసి ఊరు బాగుందనుకోవద్దు, ఆగస్టు, సెప్టెంబర్ వానను చూడండి. ఆ నేల ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది కాబట్టి కాలువ అడుగున మొరం పరుపు వేయకపోతే గోడలు పగులుతాయి. చెల్క నేల బాగానే ఇంకించుకుంటుంది, కానీ కోసుకుపోయి మోరీలను ఇసుకతో నింపుతుంది. కొన్ని చోట్ల రెండు అడుగుల కిందే గట్టి రాయి తగులుతుంది. కాలువ వెళ్లే దారిలో అక్కడక్కడ గుంతలు తవ్వించి చూడకపోతే ఎస్టిమేట్ తర్వాత తలకిందులవుతుంది.

## మూడో దశ: డిజైన్

కాలువ పెద్దగా కట్టేస్తే సమస్య తీరిపోదా?

మీ వీధిలో తీరుతుంది, కింది ఊళ్లో మొదలవుతుంది. నున్నటి కాంక్రీటు కాలువ నీళ్లను వేగంగా తీసుకెళ్లి ఒకేసారి వాగులో పోస్తుంది. వంకరగా, చెట్లతో ఉన్న పాత ఒర్రెను తిన్నగా చేసి సిమెంటు వేస్తే కూడా ఇదే జరుగుతుంది. ముందు పై వాలులో నీళ్లను కాసేపు ఆపగలమా అని చూడండి, ఆ తర్వాత మిగిలిన దానికి కాలువ కట్టండి. నా దృష్టిలో చిన్న పట్టణం డబ్బు ఆదా అయ్యేది ఇక్కడే.

ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్విస్తే వరద ఆగుతుందా?

ఇంకుడు గుంతలు తవ్వించాల్సిందే, భూగర్భ జలాలు పెరగడానికి అవి ఎంతో మేలు. వరదను ఆపుతాయని మాత్రం నమ్ముకోవద్దు. 200 గజాల ఇంటి స్లాబు మీద గంటకు 60 మి.మీ. వాన పడితే పది వేల లీటర్లు వస్తాయి. అయిదడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తవ్వి రాళ్లు నింపిన గుంతలో పట్టేది 1,400 లీటర్ల లోపే. ఎనిమిది, తొమ్మిది నిమిషాల్లో నిండిపోతుంది. గుంత నిండాక పొంగే నీళ్లకు దారి ఎటు అన్నది కూడా చూసుకోవాలి.

నీళ్లను ఆపే చోటు కావాలంటే ఎంత భూమి పోతుంది? అంత భూమి ఎక్కడిది?

వంద ఎకరాల వాలు మీద గంటలో 60 మి.మీ. పడి, అందులో సగం పారిందనుకుంటే వచ్చేది 12,000 ఘనపు మీటర్లు. మీటరున్నర లోతు ఉన్న రెండెకరాల గుంటలో అదంతా పడుతుంది. నిజానికి మొత్తం ఆపక్కర్లేదు, ఉధృతంగా వచ్చే కాసేపటి నీటిని ఆపితే చాలు, కాబట్టి ఇంకా తక్కువే సరిపోవచ్చు. పూడిపోయిన కుంట, ప్రభుత్వ బంజరు, లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం, బడి వెనక మైదానం, ఇవన్నీ చూడండి. మైదానంలో అడుగు, అడుగున్నర లోతు మించకుండా నీళ్లు నిలిచి కొన్ని గంటల్లో తీసేలా చేయొచ్చు. హైదరాబాద్‌లో ఖాళీ జాగా లేక రోడ్ల పక్కన భూమి లోపల సంపులు కట్టాల్సి వచ్చింది. మీకు ఆ అవస్థ ఇంకా రాలేదు.

ఓపెన్ డ్రెయిన్ మంచిదా, పైపు మంచిదా?

చిన్న ఊరికి మూతలున్న ఓపెన్ డ్రెయినే మేలని నా అభిప్రాయం. మూత ఎత్తి మామూలు పారతో పూడిక తీయొచ్చు. పైపు మూసుకుపోతే మెషిన్ రావాలి, ఆ మెషిన్ మీ ఊళ్లో ఉండదు. ఒక మనిషి ఎత్తగలిగే సైజు పలకలు వేయండి, నీళ్లు దిగడానికి దగ్గర దగ్గరగా జాలీలు పెట్టండి. ఒక్క విషయంలో రాజీ పడొద్దు: బడి దగ్గర, బస్టాండ్ దగ్గర, మలుపుల్లో మూత లేకుండా ఒక్క అడుగు కూడా వదలకండి. హైదరాబాద్‌లో మూతలేని నాలాల్లో పడి పసిపిల్లల ప్రాణాలు పోయాయి.

కాలువ బాగానే ఉంది, కల్వర్టు దగ్గరే నీళ్లు ఆగిపోతున్నాయి. ఎందుకు?

పైన మీటరున్నర కాలువ వచ్చి రోడ్డు కింద రెండు అడుగుల పైపులోకి దూరాల్సి వస్తే అంతే. రోడ్డు వేసిన రోజున అక్కడ పొలం నీళ్లే వచ్చేవి, ఆ సైజు సరిపోయేది. పైపులకు కవర్లు, కొమ్మలు, గుర్రపు డెక్క చుట్టుకుంటే సగం దారి కూడా మిగలదు. బాక్స్ కల్వర్టుగా మార్చడమే దారి. రోడ్డు హైవే అయితే జాతీయ రహదారుల విభాగం, రాష్ట్ర రోడ్డయితే ఆర్ అండ్ బీ, పట్టాలయితే రైల్వే అనుమతి కావాలి. నెలలు పడుతుంది కాబట్టి ఆ అర్జీ అన్నిటికంటే ముందు పెట్టండి. తాగునీటి పైపులు కల్వర్టు నోటికి అడ్డంగా పోతున్నాయేమో కూడా చూడండి.

సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ మా ఇల్లు గుంతలోకి పోతోంది. ఏం చేయాలి?

పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోస్తే ఒక్కోసారి నాలుగు నుంచి ఆరు అంగుళాలు లేస్తుంది. రెండు మూడు సార్లకు గడప మునుగుతుంది. పాతది తొలగించాకే కొత్తది వేయాలని, రోడ్డు పై మట్టం పక్క ఇళ్ల గడపల కంటే కింద ఉండాలని టెండర్ షరతుల్లోనే రాయించండి. మాట మీద జరిగే పని కాదు ఇది.

మత్తడి ఎత్తు రెండు అడుగులు పెంచితే చెరువులో నీళ్లు ఎక్కువ నిలుస్తాయి కదా?

దయచేసి ఆ పని సొంతంగా చేయకండి. మత్తడి, అంటే అలుగు, చెరువుకు ప్రాణరక్షణ. దాన్ని పెంచితే కట్ట పై అంచుకూ నీటికీ మధ్య ఉండాల్సిన ఖాళీ తగ్గిపోతుంది. మట్టి కట్ట మీదుగా నీళ్లు పొర్లాయంటే కోత మొదలై కొద్దిసేపట్లోనే గండి పడుతుంది. 2020 అక్టోబర్ వానల్లో గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు కట్ట తెగి ఆ నీళ్లు 44వ నంబర్ జాతీయ రహదారి మీదికి వచ్చాయి. ఆ వారంలోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలూ తెగి కింది బస్తీలు మునిగాయి. మత్తడికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టడం, చేపల కోసం వలలు, కంపలు కట్టడం, ముందున్న కాలువను పూడ్చడం కూడా అంతే ప్రమాదం. ఎత్తు మార్చాలంటే నీటిపారుదల శాఖ లెక్కలు కట్టి చేయాల్సిందే.

## నాలుగో దశ: భూమి, అనుమతులు, డబ్బు

చెరువు నుంచి, నాలా నుంచి ఎంత దూరం వదలాలి?

2012 నాటి జీవో 168 భవన నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు. అంతకంటే చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూములకు 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పైన కాలువ, వాగు, నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువ వాటికి 2 మీటర్లు. ఇవి కనీస దూరాలు మాత్రమే. పూడిక తీయడానికి జేసీబీ నడిచే దారి రెండు మీటర్లలో పట్టదు. ఇంకా ఇళ్లు రాని చోట ఎక్కువ వదిలేలా ఇప్పుడే ప్లాన్‌లో గీయండి.

కొత్త వెంచర్ వాళ్లు కాలువ పూడ్చి ప్లాట్లు చేశారు. ఎవరికి చెప్పాలి?

ముందు ఆధారాలు కూర్చుకోండి: గ్రామ నక్షాలో ఆ కాలువ, సర్వే నంబర్, పాత ఉపగ్రహ చిత్రం, ఇప్పటి ఫొటో. మున్సిపల్ కమిషనర్‌కు లేదా పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దార్‌కు, నీటిపారుదల శాఖకు ముగ్గురికీ ఒకే అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. స్పందన లేకపోతే కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి. చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా పరిధి ఔటర్ రింగ్ రోడ్డు వరకే, మీ ఊరు దాని బయట ఉంటే అక్కడికి వెళ్లి లాభం లేదు. ప్లాట్లు అమ్ముడవకముందే కదలాలి. అమ్మాక ఎదురుగా నిలబడేది వ్యాపారి కాదు, అప్పు చేసి ప్లాటు కొన్న మామూలు కుటుంబం.

నాలా అంచున పేదవాళ్ల ఇళ్లున్నాయి. వాళ్లను ఖాళీ చేయించాల్సిందేనా?

ముందు కాలువను వేరే దారిలో తీయగలమా, పైన నీళ్లు ఆపి కాలువ వెడల్పు తగ్గించగలమా అని చూడండి. చాలా ఇళ్లు ఆ విధంగా మిగులుతాయి. నిజంగా నీటి దారిలోనే ఉన్న ఇళ్లను మార్చక తప్పదు, వాళ్లు అక్కడ ఉండటం వాళ్లకే ప్రమాదం. అదే ఊళ్లో, పని దొరికే దూరంలో ఇల్లు చూపించాకే కదిలించండి. ఆ ఖర్చును ప్రాజెక్టు ఎస్టిమేట్‌లో మొదటి పద్దుగా రాయండి. పెద్దవాళ్ల ప్రహరీని వదిలేసి పేదవాడి గుడిసెతో మొదలుపెట్టిన ప్లాన్‌ను ఊరు నమ్మదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకే చోటి నుంచి రాదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీ గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, వాన నీటి సంరక్షణ, పారిశుద్ధ్యానికే కేటాయించింది. తర్వాతి గ్రాంట్ల షరతులు మీ జిల్లా పంచాయతీ అధికారి దగ్గర తెలుసుకోండి. మున్సిపాలిటీలకు కేంద్ర పథకం అమృత్ 2.0లో చెరువుల పునరుద్ధరణకు వీలు కల్పించారు. చెరువుల పూడికతీత 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఇప్పటికే జరిగి ఉంటే, కొత్తగా కావాల్సింది నీళ్లు వచ్చే కాలువల బాగుచేత మాత్రమే కావచ్చు. మొత్తం ప్లాన్ చేతిలో ఉంటే ఏ పద్దులో డబ్బు వచ్చినా అందులో సరిపోయే ముక్కను వెంటనే కట్టించుకోవచ్చు.

## అయిదో దశ: పని జరిగేటప్పుడు, వానాకాలంలో

పని ఎటు నుంచి మొదలుపెట్టాలి? మా వార్డు పైన ఉంది, ముందు మాకే కావాలంటున్నారు.

కింది నుంచి పైకి. కింద దారి లేకుండా పైన కాలువ కడితే మధ్యలో ఉన్నవాళ్లు మునుగుతారు. పై వార్డుకు ముందే ఏదైనా చేయాలనుకుంటే నీళ్లు ఆపే కుంట పని ఇవ్వండి, అది ఎప్పుడు చేసినా కింద ఎవరికీ నష్టం ఉండదు.

పని సరిగ్గా జరుగుతోందో లేదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

కాంక్రీటు పోసే ముందే చూడాలి. డ్రాయింగ్‌లో ప్రతి ముప్పై మీటర్లకు కాలువ అడుగు మట్టం రాసి ఉంటుంది, ఏఈని అడిగి కాపీ తీసుకోండి. మేస్త్రీ దగ్గరుండే ట్యూబ్ లెవెల్‌తోనే రెండు చోట్ల మధ్య వాలు సరిచూడవచ్చు. అడుగు పూర్తయ్యాక ట్యాంకర్ నీళ్లు పై కొసన వదిలి చూడండి. ఎక్కడైనా చీలమండ లోతు నీళ్లు నిలబడితే అక్కడ మట్టం తప్పింది, బిల్లు చెల్లించకముందే సరిచేయించాలి. గోడల్లో నీళ్లు దిగే రంధ్రాలు మర్చిపోయారేమో చూడండి, ఇది చాలాచోట్ల జరుగుతుంది. అవి లేకపోతే కాలువ ఖాళీగా ఉండి రోడ్డు నిండుగా ఉంటుంది.

పూడిక ఎప్పుడు తీయించాలి?

మే నెలాఖరుకల్లా ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి, అక్టోబర్ తుపాన్ల ముందు కల్వర్టుల దగ్గర మళ్లీ. తీసిన పూడికను గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే తిరిగి లోపలికి వెళ్తుంది, రెండు రోజుల్లో ఎత్తించాలని కాంట్రాక్టులో రాయండి. చెరువు ఒండ్రు పొలాలకు బంగారం, మోరీ పూడిక మాత్రం ప్లాస్టిక్‌తో, మురుగుతో నిండి ఉంటుంది కాబట్టి పొలాల్లో వేయొద్దు. మనిషిని మూసిన కాలువలోకి, మ్యాన్‌హోల్‌లోకి ఎట్టి పరిస్థితుల్లోనూ దింపకండి.

భారీ వాన హెచ్చరిక వచ్చిన రోజు ఏం చేయాలి?

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఆరెంజ్ హెచ్చరిక రాగానే జాలీల మీద చెత్త తీయించండి, మత్తడి ముందు అడ్డాలు తొలగించండి, కట్ట మీద కాపలా పెట్టండి. చెరువు మట్టం ఎంత ఉందో ప్రతి గంటకూ కింది ఊరి కార్యదర్శికి ఫోన్ చేసి చెప్పండి. నీళ్లు పారుతున్న కల్వర్టు మీద బండ్లు పోకుండా రెండు వైపులా మనుషులను నిలబెట్టండి. మోకాలి లోతు ప్రవాహం కూడా బైకును లాక్కెళ్లగలదు. నీళ్లు చేరిన ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కరెంటు ఆపించాలి, లైన్‌మన్ నంబర్ ముందే దగ్గర పెట్టుకోండి.

వరద వచ్చి తగ్గింది. ఇప్పుడేం రాసుకోవాలి?

గోడలు కడగకముందే, రెండు రోజుల్లోపు తిరగండి. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో కరెంటు స్తంభాల మీద, బడి గోడ మీద పెయింటుతో గీత గీసి తేదీ వేయండి. ఏ కల్వర్టు ముందు ఎంత ఎత్తు నిలిచాయి, వెనక ఎంత ఉన్నాయి అన్న తేడా రాసుకుంటే ఏది చిన్నదో తేలిపోతుంది. ఆ రోజు గంటల వారీ వర్షపాతం తెప్పించి పక్కనే రాయండి. ఈ వివరాలు మున్సిపాలిటీ రిజిస్టర్‌లోకి ఎక్కాలి, ఒక్కరి ఫోన్‌లో ఉంటే అధికారి బదిలీతో పాటే పోతాయి. తర్వాతి ఎస్టిమేట్ వేసే ఇంజినీరు ముందుగా అడిగేది ఆ రిజిస్టరే.